ఉత్త మాత్ర

పద్మారావు నగర్‌లో ఆ ఇల్లు పొద్దున్నే ఊపిరి బిగబట్టి లేచేది. కోడలు షెకీనాకు పేగుల్లో పుండ్లు పడే జబ్బు. ఆమె బాత్రూమ్‌లోకి పోయిందంటే బయట అత్త ప్రేమమణికి కాలు నిలిచేది కాదు. పెద్దాసుపత్రి వాళ్ళు పసుపు నుంచి తీసిన మందొకటి పరీక్షిస్తుంటే, ఈ మధ్యే షెకీనా అందులో చేరింది. పాత మందులతో పాటు ఆ మాత్రా మింగుతోంది.

ఆ వేళ నవ్వుకుంటూ బయటికొచ్చింది. “రక్తం పడ్తలేదు అత్తయ్యా! ఇయ్యాల చెకప్‌కు పోతే డాక్టరమ్మ ఎంత ఖుషీ అయితదో! ఆదివారం చర్చిల దేవుడు బాగుచేసిండని సాక్ష్యం సుత చెప్తా.”

“స్తోత్రం తల్లీ,” అన్నదే గానీ ప్రేమమణి ముఖంలో నెత్తురు చుక్క లేదు. “డాక్టరమ్మ ఏమేం అడుగుతది?”

“ఇంకేమన్న వాడుతున్నవా అంటది. లేదంటా. అంతే.”

అబద్ధం తనది, ఆడబోయేది పాపం ఏమీ తెలియని పిల్ల! ప్రేమమణి ఇక ఆగలేకపోయింది. “అట్ల చెప్పకు బిడ్డా. నీ పప్పుల నేను రోజూ పసుపుకొమ్ము పొడి కలుపుతున్న. చెంచాలకు చెంచాలు.”

“అందుకేనా అంత చేదు? మందులకు నా నోరే చెడిందనుకున్న! ఎందుకట్ల చేసిన్రు?”

“సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర, ఎవరికేదో మాకు సుత తెల్వదన్నది గదా ఆమె! నా బిడ్డకు ఉత్తది వస్తే? నాకు ముద్ద దిగలే.”

“ఇంకేం కలపొద్దని మీ ముందే చెప్పిన్రు గదా! ఇప్పుడు నాకు తగ్గింది దేనితోని? మాత్రతోనా, మీ పొడితోనా, దానంతటదేనా? నన్ను తీసేస్తరు.”

“నీకు తగ్గింది. నాకదే చాలు!”

“నా ఒక్కదాని కోసమా ఈ పరీక్ష? నన్ను చూసి ఇది పనిచేస్తదని వాళ్ళనుకుంటే? ఇంకో పిల్ల నమ్మి, ఉన్న మందులు మానేసి ఇదే మింగితే? ఆమెకు రక్తం ఆగకపోతే?”

ఆ పిల్లకు సుత ఇంట్లో ఒక అమ్మో అత్తో ఉంటది గదా అనుకునేసరికి ప్రేమమణి కుర్చీలో కూలబడి వలవలా ఏడ్చింది. “నా బిడ్డ, నా బిడ్డ అని పాకులాడిన. ఇంకొకరి బిడ్డను తలవనే లేదు ప్రభువా!”

షెకీనా కోపం సగం చల్లారింది. అత్త చెయ్యి పట్టి లేపింది. “పదండి. ఇద్దరం పోయి చెప్దాం.”

ఆసుపత్రిలో కుర్చీలో కూర్చోకముందే ప్రేమమణి తప్పంతా తన మీద వేసుకుంది. డాక్టరమ్మ ఆ సంగతి ఫైల్లో రాసుకుంది. “మీ కోడలి ఫలితం మేం లెక్కలోకి తీసుకోలేం. కానీ చెప్పి మేలు చేశారు. ఆమె వైద్యం మాత్రం ఆగదు,” అంది.

బయటికొచ్చాక షెకీనా కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

“నీ చోటు పోగొట్టిన గదా తల్లీ,” అంది ప్రేమమణి.

“అందుకు కాదత్తయ్యా. అమ్మ పోయినంక నాకోసం ఇంతగానం భయపడేటోళ్ళు ఒకరుంటరని నేను అనుకోలే.” ముక్కు చీదుకుని కళ్ళెర్రజేసింది. “గట్లని ఇంకోసారి నాకు తెల్వకుండ ఏమన్న కలిపిన్రో, చూడండి మరి!”

“కలపను బిడ్డా, కలపను,” అంటూ వరండాలో జనమంతా చూస్తుండగానే ప్రేమమణి కోడలిని గుండెకు హత్తుకుంది.