చాందిని చేతికిచ్చిన తాళం

దిల్లీ లక్ష్మీ నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇంద్రాణి డిటెక్టివ్ ఆఫీసు బోర్డును వెతికి పట్టుకోవడం కష్టమే. ఆ డిసెంబరు ఉదయం అబిగెయిల్ అనే నర్సు మెట్లన్నీ ఎక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. స్వెటర్ కింద తెల్ల యూనిఫాం కనిపిస్తోంది.

“మేడమ్, చాందిని అని ఒకమ్మాయి. సాయంత్రానికి ఆ పిల్లని పోలీసులకి అప్పజెప్పేస్తారట. లాడ్జిలో పని పెట్టించింది నేనే. వాళ్లమ్మ మా హాస్పిటల్లో ఆయా,” అంది.

ఇంద్రాణి మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, ఆమె తాగేదాకా ఆగింది. యాభై దాటిన ఇంద్రాణి ఎవరినీ తొందరపెట్టదు. ఆ ఓపికను చూసి నేర్చుకోవాలని సహాయకురాలు శరణ్య రెండేళ్లుగా ప్రయత్నిస్తూనే ఉంది. శరణ్య పుట్టి పెరిగింది ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో. తెలుగు మొదలుపెడితే హిందీలో తేలుతుంది.

అబిగెయిల్ చెప్పింది ఇది. ఆమె పెద్దమ్మ దయావతి, పెదనాన్న రాజరత్నం రేపల్లె నుంచి మూడు రోజుల కోసం దిల్లీ వచ్చారు. స్లీపర్ టికెట్లు, జామా మసీదు దగ్గర చవక లాడ్జి, భోజనం దొరికిన చోట. తమ చర్చిలో ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం పంచే వెండి గిన్నెను పాత దిల్లీలో పాలిష్ చేయించుకు వెళ్లాలని వెంట తెచ్చారు. నిన్న ఆ గిన్నె గదిలోంచి మాయమైంది, గది ఊడ్చిన చాందిని మీద అనుమానం పడింది. సాయంత్రం వాళ్లు రైలెక్కాలి. ఆలోగా గిన్నె దొరక్కపోతే పోలీసులను పిలుస్తానని మేనేజరు తేల్చి చెప్పాడు.

“పద శరణ్యా,” అంది ఇంద్రాణి శాలువా అందుకుంటూ.

మెట్రో దిగి, రిక్షాలో గల్లీలు దాటుతుంటే ఒక వైపు అత్తరు సీసాలు, ఇంకో వైపు పూజ సామాన్లు. శరణ్య చిన్నప్పటి నుంచీ చూస్తున్న వీధులవి. ఇంద్రాణి మాత్రం వెండి దుకాణాల వైపు చూస్తూ కూర్చుంది.

లాడ్జి మొదటి అంతస్తులో చిన్న గది. హీటరు వెలుగుతోంది. దయావతి మంచం అంచున కూర్చుని ఉంది, అబిగెయిల్ వెళ్లి ఆమె పక్కన చేరింది. రాజరత్నం గోడకు ఆనుకుని, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటుతో, మంకీ క్యాపుతో కూర్చున్నాడు.

“గిన్నె ఎలా ఉంటుందమ్మా?” అడిగింది ఇంద్రాణి.

“చిన్నదేనండి, గుప్పిట్లో పడుతుంది. మా మామగారు సంఘానికిచ్చింది. అడుగున ఆయన పేరుంటుంది,” అంది దయావతి. “ఈమధ్య అంచున పసుపుపచ్చగా మచ్చలొచ్చాయి. చింతపండు పెట్టి బాగా తోమాను. పోలేదు సరికదా, ఇంకా పెద్దవయ్యాయి. ఇక్కడ పని బాగా చేస్తారని అబిగెయిల్ అంటే తెచ్చాం. ఈయన వద్దనే అన్నారు.”

“నిన్న పొద్దున దుకాణానికి తీసుకెళ్లలేదా?”

“మధ్యాహ్నానికి గానీ తెరవరన్నారు. ముందు నేనూ అబిగెయిలూ చాందినీ చౌక్ చూసొద్దామని వెళ్లాం. ఒకే బజార్లో గుడి, గురుద్వారా, మసీదు, చర్చి కూడానూ. సంబరంగా తిరిగొచ్చి పెట్టె తెరిస్తే గిన్నె లేదు.”

ఇంద్రాణి తలుపు దగ్గరకు వెళ్లింది. గడియకు వేలాడుతున్న ఇనప తాళంకప్ప లాడ్జిది కాదు, దయావతి రేపల్లె నుంచి తెచ్చుకున్నది. చెవి లేకుండానే నొక్కితే పడిపోయే రకం.

“తాళం చెవులెన్ని?”

“రెండు,” అన్నాడు రాజరత్నం. “ఒకటి ఆవిడ దగ్గర, ఒకటి నా దగ్గర.”

“మీరు వాళ్లతో వెళ్లలేదా?”

“మోకాలు సహకరించదమ్మా. ఊడ్చే అమ్మాయి వస్తే తాళం ఆ అమ్మాయి చేతికిచ్చి, మేడ మీద ఎండలో కూర్చున్నాను.”

“ఈయన అబద్ధమాడరండి,” అంది దయావతి. “సంఘ పెద్ద. ఇరవై ఏళ్లుగా అందరి తగువులూ ఈయనే తీరుస్తారు.”

“చలి బాగా పట్టేసినట్టుందే,” అంది ఇంద్రాణి కోటు వైపు చూసి.

“రాత్రి పడుకున్నప్పుడూ విప్పలేదు. దిల్లీ చలంతా ఈయనొక్కరి కోసమే పుట్టినట్టు,” అంది దయావతి. అంత దిగులులోనూ ఆమె గొంతులో వేళాకోళం పోలేదు.

రాజరత్నం నవ్వలేదు. “పోలీసులెందుకు? పోయిందేదో పోయింది, వదిలేయమన్నాను. ఎవరూ వినలేదు,” అన్నాడు.

చాందిని మెట్ల దగ్గర నిలబడి ఉంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. పక్కనే మేనేజరు.

“ఇసీ నే మాన్ లియా, మేడమ్,” అన్నాడతను. పిల్లే ఒప్పుకుందని అతని ఉద్దేశం.

“అంకుల్ నే తాలా దియా థా. మైనే కబ్ మనా కియా?” అంది చాందిని. ఇచ్చారు, కాదని ఎప్పుడన్నానని.

“ఒప్పుకుంటోంది కదా మేడమ్,” అంది శరణ్య నెమ్మదిగా.

ఇంద్రాణి చాందినితో హిందీలోనే మాట్లాడింది. “ఊడ్చేటప్పుడు అది ఎక్కడ పెట్టుకున్నావు?”

చాందిని చున్నీ కొంగు ముడివేసి చూపించింది. “ఇక్కడ కట్టుకున్నాను. బరువుగా ఉంది, వంగినప్పుడల్లా మోకాలికి తగిలింది.”

“పనయ్యాక?”

“ఊడ్చినంతసేపూ మేనేజర్ సాబ్ గుమ్మంలోనే ఉన్నారు. ఆయన ఎదుటే గడియకు తగిలించి నొక్కేశాను. మళ్లీ ఇటు రాలేదు దీదీ, అమ్మతోడు.”

ఇంద్రాణి తల ఊపింది. “శరణ్యా, అందరినీ ఆ గదిలోకి రమ్మను. చాందినిని కూడా. నిలబెట్టొద్దు, కుర్చీ వెయ్యి.”

గది ఇరుకైంది. మేనేజరు గుమ్మంలోనే ఉండిపోయాడు. ఇంద్రాణి తన హ్యాండ్‌బ్యాగులోంచి ఇంటి తాళం చెవి తీసి పైకెత్తింది.

“శరణ్యా, దీన్ని హిందీలో ఏమంటావు?”

“చాబీ.”

“మరి ఆ తలుపుకున్న కప్పని?”

“తాలా. ఔర్ క్యా…” అంటూనే శరణ్య ఆగిపోయింది. చాందిని మోకాలికి తగిలిన బరువేమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. “మేడమ్, ఈ అమ్మాయి దగ్గరున్నది కప్ప. చాబీ కాదు.”

“అవును. మనం తెలుగులో తాళం అంటే కప్పా అదే, చెవీ అదే. రాజరత్నం గారు తాళం ఇచ్చానన్నారు. మీరంతా చెవి అనుకున్నారు. ఆ మాటనే తాలా అని ఈ అమ్మాయిని అడిగారు. ఇచ్చారంది. ఇద్దరూ నిజమే చెప్పారు.” ఇంద్రాణి రాజరత్నం వైపు తిరిగింది. “తలుపు మీరే తీశారు. కప్ప ఆ పిల్ల చేతికిచ్చి చెవి జేబులో వేసుకున్నారు. మేనేజరు ఎదుటే ఊడ్చి, కప్ప నొక్కి వెళ్లిపోయింది. తర్వాత ఆ తలుపు తెరవగలిగింది మీరొక్కరే.”

“ఆయనెందుకు తీస్తారండీ?” అంది దయావతి. “సొంత తండ్రి ఇచ్చిన గిన్నె.”

“అందుకే తీశారు. వెండికి నలుపెక్కుతుందమ్మా, పసుపు కాదు. చింతపండు పెట్టి తోమితే మెరవాలి. మచ్చ పెద్దదయిందంటే పైపూత పోయి లోపలి ఇత్తడి బయటపడిందని అర్థం. వెండి పనివాడు చేతిలోకి తీసుకోగానే ఆ మాట అంటాడు, మీ ఎదుటే. రాజరత్నం గారూ, హీటరు పక్కన కూర్చుని చెమటలు కక్కుతున్నారు. ఆ కోటు విప్పండి.”

రాజరత్నం బొత్తాలు ఒక్కొక్కటే తీశాడు. లోపలి జేబులోంచి తువ్వాలు మూట బయటికి వచ్చింది. విప్పి గిన్నెను మంచం మీద పెట్టాడు.

“నాన్న పోయేముందు నాకొక్కడికే చెప్పాడు,” అన్నాడు. “వెండిది ఇస్తానని సంఘంలో మొక్కుకున్నాడు. ఆ ఏడు తుపానొచ్చింది. ఇత్తడిదానికి పూత వేయించి ఇచ్చాడు. వాళ్లు ఆయన్ని ముందుకు పిలిచి దండేశారు. ఆ తర్వాత చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేకపోయాను. రైలు ఏదైనా నది దాటేటప్పుడు విసిరేద్దామనుకున్నాను.”

“నాకైనా చెప్పొచ్చుగా,” అంది దయావతి. “చింతపండు పెట్టి తోమిందాన్ని నేనే కదండీ.”

ఆయన ఖాళీ తువ్వాలు మడతపెట్టాడు. “ఆ పిల్లని నేను దొంగ అనలేదమ్మా,” అన్నాడు ఇంద్రాణితో.

“అనలేదు. అన్నవాళ్లని ఆపలేదు కూడా.”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “చలియే, బాత్ ఖతమ్. చాందిని, రేపట్నుంచి పనికి వచ్చెయ్.”

చాందిని కుర్చీలోంచి లేవలేదు. “ఖతమ్ నహీఁ హుయీ,” అంది, అయిపోలేదని. “నిన్న వెతుకుతూ నా సంచి కింద గల్లీలో బోర్లించారు. టీ కొట్టు వాళ్లు చూశారు, మా అమ్మని ఎరిగినవాళ్లు చూశారు. నేను తీయలేదని అక్కడే చెప్పాలి.”

శరణ్య ఆ మాటల్ని తెలుగులో చెప్పింది. అబిగెయిల్, పెదనాన్న మోకాలి వైపు చూసింది. రాజరత్నం గోడ పట్టుకుని లేచాడు. దయావతి భుజం ఆసరా ఇవ్వబోతే వద్దని, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. చాందిని రెండు మెట్లు ముందు దిగుతూ, ఆయన ఆగినప్పుడల్లా ఆగింది.

గల్లీలో టీ కొట్టు ముందు జనం ఉన్నారు. చాందినిని చూడగానే మాటలు ఆగాయి. శరణ్య ముందుకు వచ్చి నోరు తెరవబోయింది.

“ఆప్ నహీఁ దీదీ,” అంది చాందిని. “అంకుల్ బోలేంగే.” మీరు కాదు, ఆయనే చెప్పాలని.

రాజరత్నానికి హిందీ నాలుగు ముక్కలే వచ్చు. మంకీ క్యాపు తీసి చేత్తో పట్టుకున్నాడు. నెరిసిన జుట్టు చెమటకు తడిసి ఉంది.

“లడ్కీ నహీఁ లియా,” అన్నాడు. “మై లియా.” పిల్ల కాదు, తీసింది తనేనని.

“క్యా బోలా చాచా?” అన్నాడు కొట్టు లోపలినుంచి ఎవరో. “జోర్ సే బోలో, సునాయీ నహీఁ దియా.” వినపడలేదు, గట్టిగా చెప్పమని.

రాజరత్నం ఒకసారి చాందిని మొహంలోకి చూశాడు. తర్వాత గల్లీ వైపు తిరిగి, ఆదివారం సంఘం ముందు నిలబడి చదివే గొంతుతో, చివరి దుకాణం దాకా వినపడేలా మళ్లీ చెప్పాడు.