బంకు మలుపులో డిక్కీ చప్పుడు

మూతపడిన పెట్రోలు బంకు దగ్గర మలుపులో రాత్రిపూట హారన్ కొట్టకూడదంటారు. లారీవాళ్లు కొట్టరు. టాక్సీవాళ్లయితే అసలు అటు రారు. కొడితే... అక్కడ ఎదురుచూస్తున్న మనిషి, తనకోసమే బండి వచ్చిందనుకుని ఎక్కేస్తుందట.

ఆ మనిషెవరో కూడా చెబుతారు. కళ్లద్దాల షాపాయన మొదటి భార్య. ఒక రాత్రి బంకు ముందు నిలబడి మొగుడి కారు కోసం చూస్తోంది. షాపు కట్టేసి బయల్దేరేసరికి ఆయనకు ఆలస్యమైంది. ఆయనకంటే ముందు ఆ మలుపులోకి ఒక లారీ వచ్చింది.

ఆయన రెండో భార్య ఆస్పత్రిలో నర్సు. ఆమెకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ కారును చూస్తే మాత్రం ఒళ్లు మండేది. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే పాతకాలపు బండి. కొన్నది మొదటి ఆవిడ. డ్రైవరు పక్క సీటు ఇప్పటికీ ఆవిడ కాళ్ల పొడవుకే సర్ది ఉంది. వెనక్కి జరపబోతే మొరాయించేది. నర్సు మోకాళ్లు ఎదుటి అరకు కొట్టుకునేవి.

"అమ్మేద్దామండీ," అంటే, "బాగానే నడుస్తోందిగా," అనేవాడు.

రాత్రి డ్యూటీ దిగాక ఆయనే వచ్చి తీసుకెళ్లేవాడు. బైపాస్ మీద కారు మెత్తగా సాగేది. బంకు దగ్గర స్టీరింగు పూర్తిగా తిప్పగానే — వెనక నుంచి —

టక్... టక్.

"ఏమిటండీ అది?"

"పాత బండి కదా."

అంతే. కానీ ఆమె గమనించింది... మలుపు రాకముందే ఆయన రేడియో తగ్గిస్తాడు. చప్పుడయ్యాక, అంతసేపూ బిగబట్టిన ఊపిరి మెల్లగా వదులుతాడు.

మిగతాది ఆడపడుచు అంటించింది.

"డిక్కీ మీద రెండు దెబ్బలేనా? అది మా పెద్దొదిన అలవాటు. సంచి లోపల పెట్టడానికి అలా కొట్టేది. అన్నయ్య లోపల్నుంచి డిక్కీ తెరిచే మీట నొక్కేవాడు."

"అయితే?"

"అయితే ఏముంది... ఎవరి బండి వాళ్లెక్కుతారు. నువ్వే కాస్త సర్దుకుని కూర్చో, వదినా."

పెద్దొదిన! చచ్చిపోయి కూడా ఆవిడ పెద్దది. బతికుండి కూడా తను చిన్నది. ఆ రాత్రి నర్సుకు నిద్ర పట్టలేదు. పక్కన మొగుడు గోడవైపు తిరిగి పడుకుంటే, ఆ గోడ మీద కూడా అసూయ పుట్టింది.

దెయ్యమో, రోగమో... తేల్చేయాలనుకుంది.

సెలవురోజు పట్టపగలు కారు తనే తీసింది. ఇంటినుంచి నేరుగా బంకు మలుపుకు వెళ్లి తిప్పింది. చప్పుడు లేదు. బైపాస్ చివరిదాకా వేగంగా పోయి, తిరిగొచ్చి, మళ్లీ తిప్పింది.

టక్... టక్.

మిట్టమధ్యాహ్నం, ఎండలో! దెయ్యానికి చీకటి అక్కర్లేదు. బాగా పరిగెత్తి వేడెక్కిన కారు కావాలి. నర్సుకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తమ్ముడి మెకానిక్ షెడ్డుకు పోనిచ్చింది.

"షాఫ్టు జాయింట్లు అయ్యుంటాయిలే అక్కా," అన్నాడు తమ్ముడు, చప్పుడు సంగతి వినగానే చేతులు తుడుచుకుంటూ.

"కిందికి తొంగిచూడకుండానే చెబుతున్నావేంరా?"

తమ్ముడు కారు కిందికి దూరాడు. షాఫ్టు పట్టుకుని ఊపాడు. వదులు లేదు. గేర్‌బాక్సు కింది రబ్బర్లు నొక్కాడు. గట్టిగానే ఉన్నాయి. బయటికొచ్చి షెడ్డు ముందు ఖాళీలో స్టీరింగు తిప్పి గుండ్రంగా నడిపాడు. టక్... టక్. బంకూ లేదు, మలుపూ లేదు. చప్పుడు మాత్రం అదే.

"ఇంకా నాటకాలెందుకురా? నీ మొహం చూస్తే తెలుస్తోంది."

తమ్ముడు సుద్దముక్క తీశాడు. నాలుగు చక్రాలకూ నేలకు ఆనే చోట గీత గీశాడు. ఇద్దరూ కలిసి కారును కొంతదూరం తోశారు. మూడు గీతలు ఒక్కసారే నేలకు దిగాయి. వెనక కుడి చక్రం గీత మాత్రం వెనకబడింది.

"అది స్టెప్నీ. పెద్దావిడ కొని డిక్కీలో పడేసింది, ఒక్కరోజూ నేల తొక్కలేదు. టైరు పేలినప్పుడు బావ తగిలించాడు. మూడూ అరిగినవి, అదొక్కటే నిండుగా ఉంది. ఈ బండిలో నాలుగూ ఒకదానికొకటి ముడిపడి తిరుగుతాయక్కా. ఒకటి పెద్దదైతే గుంజుకుంటాయి. గుంజులాటంతా లోపల పేరుకుని, వంపులో టక్కున వదుల్తుంది."

"ఇంతేనా? మీ బావకు చెప్పి మార్పించేయొచ్చుగా!"

తమ్ముడు సుద్దముక్కను వేళ్లతో నలిపాడు.

"చెప్పాను."

"ఎప్పుడు?"

"వానలకు ముందే. నాలుగూ మారిస్తే పోతుంది బావా అన్నా. 'ఉండనీ' అన్నాడు. గేర్‌బాక్సు పాడైపోతుందన్నా. 'పోయేదాకా ఉండనీ' అన్నాడు." గొంతు తగ్గించాడు. "'అక్కకు చెప్పకు' అన్నాడు."

నర్సు అక్కడే టైర్ల కుప్ప మీద కూలబడింది. దెయ్యమైతే భరించేది. దెయ్యం తనంతట తాను వస్తుంది. దీన్ని ఆయన రోజూ రాత్రి, తనను పక్కన కూర్చోబెట్టుకుని మరీ, పిలిపించుకుంటున్నాడు.

"నాలుగూ పీకెయ్," అంది. "ఇప్పుడే."

కొత్త టైర్లు పడ్డాయి. ఎంత తిప్పినా చప్పుడు లేదు. ఆ స్టెప్నీని నర్సే షెడ్డు వెనక్కి దొర్లించుకుపోయి, తుప్పుపట్టిన సామాన్లలోకి కాలితో తన్నింది.

మర్నాడు రాత్రి కారెక్కి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. బైపాస్ అయిపోయింది. ఆయన రేడియో తగ్గించాడు. స్టీరింగు పూర్తిగా తిప్పాడు...

ఏమీ లేదు.

ఆయన కారాపాడు. వెనక్కి తీసి, మళ్లీ మలుపు తిప్పాడు. నిశ్శబ్దం. ఈ క్షణం కోసమే కదా ఆమె కాచుకుంది! కళ్లారా చూద్దామని మొహం తిప్పింది.

ఆ మొహం ఆమెకు తెలుసు. పేషెంటు పోయాడని చెప్పాక కూడా, 'ఇంకోసారి చూడండి సిస్టర్' అనేవాళ్ల మొహం. వార్డులో ఎన్నిసార్లు చూసిందో.

"రాలేదు," అన్నాడు ఆయన, గుసగుసగా. ఆమెతో కాదు.

మూడోసారి వెనక్కి తీశాడు. బంకు ముందు ఆపి... హారన్ మీద అరచెయ్యి ఆనించాడు. చిన్నగా, ఇంటిముందు ఎవరినో పిలిచినట్టు నొక్కాడు.

కడుపులో అసూయ అలాగే ఉంది, నిప్పులా. అయినా ఆ మొహాన్ని చూడలేకపోయింది. ఆయన కంట పడకుండా చెయ్యి సీటు వెనక్కి పోనిచ్చింది. ఒక్కసారికి... ఈ ఒక్కసారికి ఇచ్చేద్దాం అనుకుని, వెనక తలుపు మీద కొట్టడానికి వేలు మడిచింది.

టక్... టక్.

ఆయన ఊపిరి వదిలాడు. చెయ్యి కిందికి పోయి, డిక్కీ మీట నొక్కింది.

ఆమె వేలు ఇంకా తలుపుకు తగలనే లేదు.