స్టాంపు బస్సు

పాలసీసా కోసం సంచిలో చెయ్యి పెట్టిన ఆమెకు, అడుగున చంటిదాని తలగడ, పిల్లవాడి ఉన్ని కోట్లు, తాను బీరువాలో దాచుకున్న గొలుసు పెట్టె తగిలేసరికి గుండె గుభేలుమంది.

సాయంత్రానికల్లా ఇంటికి చేరే ప్రయాణానికి ఇవన్నీ ఎందుకు? సంచి సర్దింది భర్తే. పిల్లల్ని నువ్వు తయారుచెయ్యి, ఇది నేను చూసుకుంటానన్నాడు. ఎప్పుడూ లేనిది ఇవాళ ఇంత ప్రేమ ఏమిటా అని మురిసిపోయింది కూడా, పిచ్చిది...

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ పరాయి దేశంలో అతని స్థాయి ఉద్యోగికి భార్యాపిల్లలతో కాపురం పెట్టే అనుమతి లేదు. వాళ్ళు అతన్ని చూడడానికి వచ్చిన చుట్టాలుగా ఉండవచ్చు, అంతే. ఆ వీసా గడువు తీరేలోగా సరిహద్దు వంతెన దాటి పక్కదేశంలో అడుగుపెట్టి, కొత్త స్టాంపు వేయించుకుని వెనక్కి రావాలి. అలా వెళ్ళేవాళ్ళతోనే నిండే బస్సును అందరూ స్టాంపు బస్సు అనేవారు. దాని డ్రైవరు బాబాయి ఆమెను చూడగానే, "మళ్ళీ వచ్చావా అమ్మాయ్? నీకంటే మా ఆవిడే నయం, ఏడాదికోసారే అలిగి వెళ్తుంది" అని నవ్వించేవాడు. ఆమె నవ్వేది. ఒళ్ళో ఒకరు, భుజం మీద ఒకరు నిద్రపోతుంటే నడుము విరిగిపోయినా నవ్వేది. ఈ తిప్పలన్నీ నలుగురూ ఒకే గదిలో పడుకోవడానికే కదా! భర్తను వదిలి ఉండలేనని మొండిపట్టు పట్టింది ఆమే మరి.

వంతెన అవతలి రేకుల షెడ్డులో చంటిది పాలకోసం గుక్కపట్టింది. సీసా దాని నోటికి అందించి, భర్తకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది... మళ్ళీ అంతే. ఇక ఆగలేక పిల్లల్ని లాక్కుని తిరుగు గేటు దగ్గరికి పరుగుతీసింది.

కౌంటరులోని అధికారిణి తెరవైపు చాలాసేపు చూసింది. స్టాంపు ఎత్తలేదు. మిమ్మల్ని పిలిపించిన మనిషే ఆ పిలుపు వెనక్కి తీసుకున్నాడు, లోపలికి పంపడం కుదరదంది. పొరపాటు పడ్డారు, ఆయన నా భర్త అని ఆమె బతిమాలింది. అధికారిణి జాలిగానే పాస్‌పోర్టులు వెనక్కి ఇచ్చేసింది.

ఆమె బెంచీ మీద కూలబడింది. ఎదురుగా బస్సు కదిలిపోతోంది. అప్పుడు భుజం మీద చెయ్యి పడింది. చూస్తే ఆడపడుచు! స్వదేశం నుంచి ఇంతదూరం వచ్చిన మనిషి, కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"వదినా... మీరిక్కడ?"

"వాడే రమ్మన్నాడమ్మా. మిమ్మల్ని మా ఇంటికి తీసుకెళ్ళమన్నాడు."

ఆమె ఆ చెయ్యి తోసేసింది. "ఎవర్ని తెచ్చుకున్నాడు వదినా? నిజం చెప్పండి."

"వాడి మొహానికి అదొక్కటే తక్కువ" అంటూనే ఆడపడుచు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాతో పొట్లాడకు. వాడి నోటే విను" అని తన ఫోను కలిపి ఆమె చెవి దగ్గర పెట్టింది.

అవతల భర్త గొంతు.

"నేనే చేశాను. నా కాళ్ళతో నేనే ఆఫీసుకి వెళ్ళి, మీకిక వీసా వద్దని చెప్పొచ్చాను. నీ మొహం చూస్తూ చెబితే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను. అందుకే దొంగలా పంపించాను. మొన్న అన్నం తింటూ మన పిల్లాణ్ణి అడిగాను, మనింటికి ఏం రంగు వేద్దాంరా అని. ఇది మా ఇల్లు కాదు, మేం నాన్నని చూడ్డానికి వచ్చాం, వెళ్ళిపోతాం అన్నాడు. గేటు దగ్గర చెప్పమని మనం నేర్పిన మాటే... నేనూ దగ్గర కూచుని వల్లెవేయించిన మాటే. కానీ నాతో అంటున్నప్పుడు వాడు నవ్వలేదు. వాడు నిజమనే అనుకుంటున్నాడు. నువ్వు ఎంత తిట్టినా పడతాను. వాడికి ఇల్లంటూ ఒకటి ఉండనీ. ఇకనుంచి చుట్టపుచూపుగా నేనొస్తాను."