వాల్వు గదిలో అత్తయ్య

చేపలు నిలవ చేసే ఆ కోల్డ్ స్టోరేజీలో, వెనకున్న వాల్వు గదికి చెడ్డపేరుంది. చీకటి పడ్డాక అటు వెళ్తే లోపల ఎవరో రొప్పుతారట. స్స్స్... మని ఊపిరి వదులుతారట. ఆ వెంటనే, గొంతు నొక్కేస్తున్నట్టు ఒక మూలుగు. పైగా శవం కుళ్లిన కంపు!

మూలిగేదెవరో కూడా అందరికీ తెలుసు — వాచ్‌మన్ పెళ్లాం. అక్కడే చేపలు ప్యాక్ చేస్తూ, జ్వరమొచ్చి పోయింది. "పోలేదమ్మా... ఇక్కడే తిరుగుతోంది," అని వాచ్‌మనే కళ్లొత్తుకుంటూ చెప్పేవాడు. కట్టుకున్న మొగుడే చెప్తుంటే కాదనేదెవరు?

కొత్తగా రాత్రి డ్యూటీలో చేరిన ఎలక్ట్రీషియన్ పిల్లకి ఆ మాట వినగానే గుండె కలుక్కుమంది. వాచ్‌మన్ ఆమెకి మేనమామ. పోయినావిడ, తల్లిలేని తనని కడుపులో పెట్టుకుని పెంచిన అత్తయ్య.

"అటు పోకమ్మాయ్," మామయ్య గొంతు తగ్గించి అన్నాడు. "మీ అత్తకిప్పుడు తనా పరా లేదు. పీక పిసికేస్తుంది."

అత్తయ్యా? నా పీకా? మనసొప్పలేదు. నిజంగా అక్కడుంటే మాత్రం... ఒక్కసారి చూడాలి.

మామయ్య గుర్రుపెట్టి నిద్రపోతున్న వేళ, టార్చ్ పట్టుకుని బయల్దేరింది.

తలుపు దగ్గరే కంపు ముక్కు బద్దలు కొట్టింది. లోపల — స్స్స్... స్స్స్... ఆపైన గుర్‌ర్‌ర్‌మని మూలుగు!

గుమ్మంలోనే ఆగిపోయింది. "అత్తయ్యా..." అంది మెల్లగా. "నేనే..."

మూలుగు ఆగలేదు.

టార్చ్ వేసింది. మనిషి లేదు. మూలనున్న, గాలి నింపే యంత్రం ఆయాసపడుతూ తిరుగుతోంది. కింద ఒక కుళాయి సరిగా మూయలేదు. దాంట్లోంచి గాలితోపాటు నల్లటి జిగట నీళ్లు చిమ్ముతున్నాయి. కంపు వాటిదే. గాలి ఒత్తిడి చూపే గేజీలో ముల్లు ఎర్రగీత కిందికి జారిపోయింది.

ఆమెకి ఒళ్లు చల్లబడింది. ఈసారి దెయ్యం వల్ల కాదు.

ఫ్రీజర్ హాల్లో అగ్గి పుడితే ఆర్పే గొట్టాలు కప్పు కింద ఉంటాయి. వాటిలో ముందే నీళ్లుంటే గడ్డకట్టి పగిలిపోతాయి. అందుకే గాలి నింపి ఉంచుతారు. ఆ గాలే నీళ్లని ఇక్కడి వాల్వు వెనక ఆపుతుంది. ఇంకాస్త తగ్గితే వాల్వు తెరుచుకుని నీళ్లు ఎక్కేస్తాయి, గడ్డకడతాయి. ఆ తర్వాత మంట లేస్తే లోపల రాత్రంతా చేపలు ప్యాక్ చేసే ఆడవాళ్ల మీద ఒక్క చుక్క కూడా పడదు. అందుకే గాలి తగ్గగానే గంట మోగాలి. రాత్రింబవళ్లు మనిషి ఉండేచోట వినపడాలి. ఆ గంట వాచ్‌మన్ గదిని ఆనుకున్న ఈ గోడకే ఉంది.

మరి ఎందుకు మోగట్లేదు?

మోగుతోంది. ఆ మూలుగు గంటదే! దాని నోట్లో ఎవరో గుడ్డ కుక్కారు.

వేళ్లతో లాగింది. బూజు పట్టి, జిడ్డోడుతూ, కుళ్లిన పేగులా సాగుతూ బయటికొచ్చింది. వెలుగులో చూస్తే... ఊదారంగు స్వెటర్ చెయ్యి. మోచేతి దగ్గర తను చిన్నప్పుడు వంకరటింకరగా కుట్టిన అతుకు.

అత్తయ్య స్వెటర్!

గంట గణగణమంటోంది. ఆమె కుళాయి బిగించింది. ముల్లు నెమ్మదిగా పైకి లేచింది. ఎర్రగీత దాటాక గంట ఆగింది.

ఆమె వాచ్‌మన్ గదికి వచ్చేసరికి, మామయ్య గంట మోతకి లేచి కుర్చీలో కూర్చున్నాడు. ఆ గుడ్డ అతని ముందు పడేసింది.

"ఇదేంటి మామయ్యా?"

"రోజూ అదేపనిగా కొట్టుకుంటుంటే కంటిమీద కునుకెలా పడుతుందే?" అని విసుక్కున్నాడు. "దాని నోరు మూయించా."

"లోపల మనుషులున్నారు కదా!"

"ఇన్నాళ్లూ ఏమైందని?"

"మరి అత్తయ్య పేరెందుకు..."

"ఊరికే పొమ్మంటే పోతారా? అట్లా చెప్తేనే ఎవరూ అటు రారు, గుడ్డ పీకరు." ఆవులించాడు. "అయినా పోయినదానికి పరువేంటే?"

ఆ నోటికేసి ఇక చూడలేకపోయింది. వెళ్లి ప్యాకింగ్ హాలు తలుపు బార్లా తీసింది.

"రండమ్మా," అని కేకేసింది. "దెయ్యాన్ని చూద్దురుగాని. ఇదిగో... ఇక్కడ కుర్చీలో కూర్చుంది."