ఓబన్న దగ్గర ఉంది

2024 వానాకాలం. ముదిగుబ్బ చుట్టుపక్కల జొన్నచేన్లు మోకాలెత్తులోనే మాడిపోయి, ఆఖరికి ఒక్క తడి పడితే మళ్లీ పిలక వేసిన కాలం. ఆ పిలక పచ్చగా ఉంటుంది. కానీ విషం, మేసిన గొర్రె బతకదు.

ఊరవతల రోడ్డు పక్కన రేకుల గోదాము ఒకటి ఉంది. దాణా, విత్తనాలు, పశువుల మందులు అన్నీ ఆడనే దిగుతాయి. పగలంతా జనమే. పొద్దు గూకిందంటే మాత్రం దాని తూర్పు మూలకు పోయేవాడు లేడు.

ఆ మూల ఓబన్నది.

ఓబన్న హమాలీ. కొన్నేళ్ల కిందట శెనక్కాయ మూటల దొంతర కూలి మీద పడింది. ఆ మూలనే, నేల మీదనే, ఊపిరాడక పోయినాడు. అప్పటినుంచి హమాలీలు ఆడ మూట దించరు. అమాసకు చెంబుతో నీళ్లు, ఒక బీడీ పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. రాత్రిపూట ఆ మూల నుంచి దగ్గు వినిపిస్తుందని చెప్పుకుంటారు... విన్నామని ఒట్టేసేవాళ్లూ ఉన్నారు.

వాళ్లలో కాపలాదారు దాదా ఖలందర్ ఒకడు. ఈ సంగతి ఆయన నోట విన్నదే.

ఆ ఏడు గోదాముకు కొత్తగా ఒక ఏఐ వచ్చింది. ఫోన్లో ఉంటుంది. సరుకు పేరు చెబితే చాలు, కంప్యూటర్‌లో వెతికి అది యాడుందో ఆడగొంతుతో చెబుతుంది. 'మూడో వరుస, కింది అర' అంటే, పోయి చూస్తే ఆడనే ఉంటుంది. ఒక్కసారీ తప్పలేదు. ఖలందర్‌కు దాని మీద మనిషి మీదకంటే గురి కుదిరింది.

ఆ రాత్రి ఆయన రొట్టె తిని చేయి కడుక్కుంటాంటే బండి మీద ఒక ఆడమనిషి వచ్చింది. వెంకటలక్ష్మమ్మ. గొర్లే ఆ ఇంటికి బతుకు.

"దాదన్నా! గొర్లు జొన్న పిలక మేసినాయి. ఒకటెనక ఒకటి పడిపోతాండాయి. డాక్టరు మంద కాడే ఉండాడు, సూదికి మందు అయిపోయిందంట. ఈడ ఉంటుందని పంపినాడు. ఇదో చీటీ."

"నిలబడమ్మా. ఇప్పుడే అడుగుతా."

ఆమెను వాకిట్లో నిలిపి లోపలికి పోయినాడు. చీటీ మీది పేరు కూడబలుక్కొని ఫోనుకు చెప్పినాడు.

అది క్షణం ఆగింది.

"ఓబన్న దగ్గర ఉంది."

ఖలందర్ ఒకసారి తూర్పు వైపు చూసినాడు. గొంతు దానంతట అదే తగ్గిపోయింది.

"ఎవరి... ఎవరి దగ్గర?"

"ఓబన్న దగ్గర. ఒక పెట్టె."

"ఓబన్న యాడుండాడు?"

"తూర్పు మూల. నేల మీద."

ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అది అబద్ధం చెప్పదు... అదే ఆయనకు వచ్చిన భయం.

"యాడుందంటన్నా?" వాకిట్లో నుంచి ఆమె కేక.

"వెతకతాండా!"

మొదటి వరుస వెతికినాడు. రెండోది వెతికినాడు. ఆడ లేదని ఆయనకు తెలుసు. అయినా పెట్టెలు దించతానే ఉన్నాడు. బయట ఆమె ఫోను మోగింది. మొగుడు రంగన్న. మాట్లాడి పెట్టేసింది.

"ఇంకో రెండు పడినాయంట. ఏమప్పా, గోదాములో కాపురం ఉండేది నువ్వు. మందు యాడుందో తెలీదా? ఊరికే నిద్రపోయేదానికి ఉండావా ఈడ?"

మనసు గట్టి చేసుకుని తూర్పుకు నడిచినాడు. టార్చి వెలుతురు ముందు పోతాంది. గోడ కనిపించింది. నేల మీద చెంబు... పక్కకు ఒరిగి ఉంది. దాని వెనక గోడ మీద నల్లగా, కూర్చున్న మనిషంత నీడ...

వెనక్కి ఎట్లా వచ్చినాడో ఆయనకే తెలీదు.

"తెల్లారి రామ్మా."

"తెల్లారి వచ్చి ఏం చేసేది? తోళ్లు అమ్ముకునేదా?" మళ్లీ మోగుతున్న ఫోనును ఆయన ముఖం ముందు పెట్టింది. "నువ్వే ఎత్తి చెప్పు మా ఆయనకు. తెల్లారి మందు ఇస్తానని."

మందు ఓబన్న దగ్గరుందని అప్పుడు ఆమెకు చెప్పినాడు. ఆమె నమ్మలేదనేమీ లేదు. తూర్పు వైపు చీకట్లోకి చూసింది.

"బతికున్నప్పుడు ఎన్నిసార్లో నా నెత్తికి మూట ఎత్తినాడు ఓబన్న. చచ్చినాక నన్నేం చేస్తాడు? తే ఆ లైటు."

ఖలందర్ వరుస చివర్లోనే ఆగిపోయినాడు. లైటు దూరమైంది. ఆమె మాట మాత్రం వినబడింది, మెల్లగా...

"ఓబన్నా, ఒక రవ్వ జరుగప్పా. గొర్లు చస్తాండాయి."

ఏమీ లేదు.

తర్వాత... దగ్గు.

"యా అల్లా!" అని ఆయన గోడకు అతుక్కుపోయినాడు. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. పెట్టెను చంకన పెట్టుకుని వెంకటలక్ష్మమ్మ.

"దగ్గింది... ఎవరమ్మా?"

"నేనే. ఎన్నేండ్ల దుమ్మప్పా అది! ఒక్కసారన్నా ఊడ్చినారా?"

బండెక్కి పోయింది.

పొద్దున్నే ఖలందర్ అనంతపురం ఆఫీసుకు ఫోన్ చేసినాడు. గోదాము జాగాలన్నీ కంప్యూటర్‌కు ఎక్కించిన మహేశ్వరి ఎత్తింది.

"అది ఏఐ తప్పు కాదన్నా. దానికి గోదాము కనపడదు కదా. జాగాల పేర్లు రాసిన పట్టీ ఒకటి ఇచ్చినాం, అందులో ఉన్న పేరే చదువుతుంది. ఏ జాగాకూ పేరు లేకుండా వదలకూడదు. ఆ మూల ఎవరిదని మీ మేస్త్రీ ఆదెప్పను అడిగితే ఓబన్నది అన్నాడు. దాన్ని చూసుకునే హమాలీ అనుకుని అదే పేరు పెట్టినా."

"ఆడ ఎవరూ సరుకు దించరు కదమ్మా?"

"మొన్న మడకశిర నుంచి వచ్చిన డ్రైవరు కొత్తోడు. ఖాళీగా ఉందని పెట్టె ఆడ దించి, ఫోన్లో ఎక్కించి పోయినాడు." ఆమే మళ్లీ అడిగింది. "ఇంతకీ ఓబన్న ఎవరన్నా? డ్యూటీలో ఉండాడా?"

ఖలందర్ ఫోను పెట్టేసినాడు.

ఆ రాత్రి వెంకటలక్ష్మమ్మ మందలో ఇరవైరెండు గొర్రెలు చచ్చినాయి. అందులో తొమ్మిది, ఆమె గోదాము వాకిట్లో నిలబడి ఉన్నప్పుడు చచ్చినాయి.