కాలిన వాసన

పొద్దున్నే సరిత జొన్నరొట్టె వడ్డిస్తే, రుక్మిణమ్మ కంచం పక్కకు నెట్టి గంజి గ్లాసు అందుకుంది. అత్త జొన్నరొట్టె వద్దందంటే శంషాబాద్‌లో సూర్యుడు పడమట పొడిచినట్టే!

"పన్ను కదులుతున్నదా అత్తమ్మా?"

"ఏం లేదు బిడ్డా. ఆకలైతలేదు."

బతిమాలి నోరు తెరిపించింది సరిత. ఊడిన పన్ను చోట, దవడ ఎముకలో పళ్ల డాక్టరుగా తానే బిగించిన లోహపు స్క్రూ వేలు తగలగానే ఊగింది. ఇన్ని నెలలైనా ఎముక దాన్ని పట్టుకోనే లేదు.

సరిత భర్త శేఖర్ తల్లి మీద విరుచుకుపడ్డాడు. "కందుకూరు పెండ్లిల మటన్ బొక్కలు కొరికినవ్ గదమ్మా! గట్ల కొరికితె ఉంటదా? ఇగ సరిత దవాఖానకు ఎవరొస్తరు?"

"అవు కొడకా, తప్పు నాదే" అని రుక్మిణమ్మ తల వంచుకుంది.

ఆ మాట సరితను నిలువునా కోసింది. ఎస్టీడీ బూత్ పక్కన, ఇంటి ముందుగదిలో దవాఖాన తెరిచాక ఎముకలో పన్ను నాటడం అదే మొదటిసారి. "నా నోట్లనే షురూ చెయ్యి" అని కుర్చీ ఎక్కిన మనిషి అత్తే. ఆ రోజు కరెంటు పోయే వేళైంది. సెలైన్ నీళ్లతో చల్లబరుస్తూ, ఆగి ఆగి తొలచాల్సిన ఎముకను సరిత ఒక్క ఊపున ఒత్తి తొలిచేసింది. వేడికి చచ్చిన ఎముక దేన్నీ పట్టుకోదని చదువుకున్న మనిషే ఆ పని చేసింది.

"ఆమెననకు! ఎముకను నేనే కాల్చిన. కరెంటు పోతదని తొందరపడ్డ!" సరిత కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇగ ఈ చేతులతోని ఎవరినీ ముట్ట. బోర్డు దించెయ్యి."

రుక్మిణమ్మ గ్లాసు కింద పెట్టింది.

"నాకెరుకే బిడ్డా. కాలిన వాసన ఆనాడే వచ్చింది."

"మరి నా చెయ్యి పట్టుకోవద్దా అత్తమ్మా?"

"నా కోడలి పని సూడుండ్రని వాడకట్టు ఆడోళ్లను నేనే పిలిస్తి. వాళ్ల ముందట నీ చెయ్యి ఆపితే నీ ఇజ్జత్ ఏమైతది?"

సరిత ఆమె ఒడిలో తల పెట్టేసింది. కోడలి పరువు కోసం ఈ తల్లి తన ఎముక కాలుతున్నా నోరు మెదపలేదు!

"లే. దీన్ని తీసెయ్యి. దవడ బొక్క మంచిగ మానినంక మళ్ల నాకే వెయ్యి. కరెంటు పోతే పోనీ. ఈసారి వాసనొస్తే మాత్రం చెయ్యి పట్టుకుంట."

సరిత కళ్లు తుడుచుకుని చేతులు కడుక్కుంది. అప్పటికే ముందుగదిలో రుక్మిణమ్మ కుర్చీ ఎక్కి నోరు తెరిచి కూర్చుంది.