అప్పగింత జరగని పడవ

ఆదివారం అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

నడినెత్తిన ఉండవలసిన సూర్యబింబం కాటుక మేఘాల వెనక అదృశ్యమైంది. పులికాట్ సరస్సు మీద గాలి స్తంభించింది. ఫెళఫెళమని ఉరిమింది ఆకాశం! పట్టపగలు... తెరచాప కొయ్య మీద వాలిన గుడ్లగూబ ఒకటి ఒళ్ళు జలదరించేలా కూసింది. దాని కింద, పడవ గదిలో, నాగులమ్మ జుట్టు విరబోసుకుని మగగొంతుతో వికటాట్టహాసం చేస్తోంది!

గది వాకిట్లో కూర్చున్న ఆమె భర్త ముత్యాలయ్యకు భయం వేయలేదు. రెండేళ్ళుగా అతనికి ఏదీ వేయడం లేదు, ఆకలితో సహా.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు చిన్నపోలయ్య, బాణంలా పోతుందని మురిసిపోయి కొనిపించుకున్న తేలిక పడవలో సముద్రం మీదికి వెళ్ళాడు. పడవ తిరగబడి దొరికింది. పిల్లవాడు దొరకలేదు. ఆనాడు ఆ ఇద్దరి కంట నీటిచుక్క రాలేదు. వీళ్ళు మనుషులా రాళ్ళా అని ఊరు బుగ్గలు నొక్కుకుంది. ఊరికేం, నొక్కుకోవడానికి బుగ్గలుంటే చాలు!

గుడిసెలో ఉండలేక, సున్నపు గుల్ల మోసుకుంటూ నీళ్ళ మీదే బతుకు వెళ్ళబుచ్చుదామనుకున్నారు. పడవ ఊగితే నాగులమ్మకు కళ్ళు తిరుగుతాయి. అందుకని పాత సరుకు పడవలన్నీ చూశాడు ముత్యాలయ్య. కొనేవాడెవడైనా పడవ పరుగు చూస్తాడు. ఇతను గదిలో పడుకుని చూశాడు! నిండు చెంబు పక్కన పెట్టుకున్నాడు. మాల్యాద్రి అనేవాడి పడవలో మాత్రం చుక్క తొణకలేదు. అడుగున రాళ్ళు పరిచిన మహా బరువైన పడవ... ఎద్దుబండి కన్నా నిదానం. దాన్నే కొన్నాడు.

ఆ తీరాన ఒక ఆచారం ఉంది. పడవ చేతులు మారితే, దాని ముక్కుకు తాను పూసిన పసుపును అమ్మినవాడే కడగాలి. "గంగమ్మా, ఇకమీదట ఈ పడవలోని ప్రాణాలకు వీడు పూచీ" అని కొన్నవాడి చెయ్యి నీళ్ళలో పెట్టించి అప్పగించాలి. అంతవరకూ తల్లి లెక్కలో పడవ పాతవాడిదే.

"ఇంకోరోజు చేద్దాంలే అన్నా, తొందరేముండాది?" అన్నాడు మాల్యాద్రి.

ముత్యాలయ్య తల ఊపాడు. అప్పట్లో ఎవరేమన్నా ఊపేవాడు.

పడవెక్కిన పదిహేనో రోజున నాగులమ్మకు ఈ గొంతు వచ్చింది!

ఇప్పుడామె గోళ్ళతో పడవ అడుగు చెక్కను రక్కుతోంది. ముత్యాలయ్య ఆ చెక్క పెరికాడు. రాళ్ళ నడుమ... కుంకుమ పులిమిన కపాలం! దాని కంటి గుంటల్లో నాగులమ్మ తలవెంట్రుకలు!!

"ముట్టుకున్నావంటే నీ పెండ్లాం గుండె పగులుద్ది!"

చిన్న దోనెలో వచ్చిన మాల్యాద్రి పడవ ముక్కు మీదికి ఎక్కి నిలబడ్డాడు. నల్లపంచె, నుదుట నెత్తుటి బొట్టు, నిప్పుకణాల్లాంటి కళ్ళు!

"ఎనిమిది ప్రాణాలు తిన్నాది నా క్షుద్రశక్తి. పొద్దు వాలేలోగా ఇది తొమ్మిదోది!"

"నా పెండ్లామే యాల?" ముత్యాలయ్య గొంతులో కోపం కూడా లేదు.

"ఏడుపు కూడా లేని మనసురా దానిది! తలుపుల్లేని కొంప. ఎవరైనా దూరొచ్చు!"

మాల్యాద్రి మంత్రం అందుకున్నాడు. "ఓం హ్రీం..." నాగులమ్మ దేహం విల్లులా వంగింది. పెదవులు నీలమయ్యాయి. అప్పుడు ముత్యాలయ్య గుండెలో ఎక్కడో చిన్నగా నొప్పి పుట్టింది. ఈమె కూడా పోతే... పిల్లవాడు ఎలా నవ్వేవాడో తెలిసిన మనిషి ఇంకెవరూ మిగలరు!

అతను పడవ అంచున వంగి రెండు చేతులూ నీళ్ళలో పెట్టాడు.

"గంగమ్మా! అప్పగింత కాలా. పసుపు వీడు పూసిందే ఇంకా ఉండాది. ఇది వీడి పడవ... మేం ఇందులో ఎక్కినోళ్ళం. ఎక్కినోళ్ళ ప్రాణానికి పూచీ ఎవురో నువ్వే చూసుకో తల్లీ!"

మంత్రం ఆగిపోయింది. మాల్యాద్రి మొహం పాలిపోయింది!

"కడుగుతా! ఇప్పుడే కడుగుతా!" వాడు పిచ్చివాడిలా బోర్లాపడి పసుపును గీకసాగాడు.

ఆలస్యమైంది... ఏనాడూ ఊగని పడవ ఊగింది! సరస్సు సముద్రంలో కలిసే మొగ వైపు నుంచి ఒకే ఒక్క కెరటం, తాటిచెట్టంత ఎత్తున, ప్రళయఘోషతో లేచి వచ్చింది. ముత్యాలయ్య భార్యను ఎత్తుకుని అవతలి పక్కకు దూకాడు. కపాలం ఫటేలున పగిలింది! మాల్యాద్రి కేక పైకి లేచి, సగంలో తెగిపోయింది. వాడి చేతులు పడవ ముక్కుకు అతుక్కునే ఉన్నాయి. అంత బరువైన పడవా వాడిని తీసుకుని, బుడగ కూడా లేకుండా మునిగింది.

కెరటం విసిరేసిన ఆ ఇద్దరూ మోకాటి లోతు నీళ్ళలో తేలారు. మేఘాలు విడిపోయాయి. ముత్యాలయ్య ఒడిలో నాగులమ్మ కళ్ళు తెరిచింది. సొంత గొంతు! ఆ దయ్యం పోతూ పోతూ రెండేళ్ళ జ్ఞాపకాన్ని తుడుచుకుపోయింది కాబోలు, ఆమె మొహంలో ఎన్నడో పోయిన వెలుగు ఉంది.

"ఏందయ్యా, ఇట్టా తడిసుండాం? పిలగాడు యాడ? అన్నం తిన్నాడా?"

ఆనాడు పిల్లవాడి కబురు ఆమెకు ఊరివాళ్ళు చెప్పారు. ఈసారి చెప్పడానికి అతను తప్ప ఎవరూ లేరు.

"నాగూ..." అన్నాడు ముత్యాలయ్య. రెండేళ్ళ ఏడుపు వచ్చింది.